శ్రేణి మారని సూది

మారేడ్‌పల్లిలో ఇల్లు కట్టేచోట తాపీ పట్టినవాడు మేస్త్రీ. ఇసుక, ఇటుక మోసే స్త్రీ ఎన్నేళ్లు మోసినా కూలీయే. పేరుతోనే వేతనం నిర్ణయమైపోతున్నది. ఈ చిక్కుతో ముడిపడిన ఒక ఆంగ్ల సంగీత నాటకాన్ని విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

'మేడ్ ఇన్ డాగెన్‌హామ్' 2014లో లండన్‌లో ప్రదర్శితమైనది. పిమ్మట ఔత్సాహిక సమాజాలు సైతం దానిని ఆడినవి. కథకు మూలం యథార్థమే. 1968 జూన్‌లో డాగెన్‌హామ్ ఫోర్డు కర్మాగారంలో కారు సీట్ల తొడుగులు కుట్టే 187 మంది స్త్రీలు పని మానివేశారు. వారి కుట్టుపనిని నైపుణ్యం తక్కువ శ్రేణిలో చేర్చి, ఆ శ్రేణి పురుషుని వేతనంలోనూ నూటికి 85 వంతులే ఇచ్చేవారు. సీట్లు లేక కార్ల ఉత్పత్తి నిలిచిపోయినది. మూడు వారాలకు మంత్రి బార్బరా కాజిల్ జోక్యంతో 92 వంతులు దక్కినవి. 1970లో సమాన వేతన చట్టం వచ్చినది.

అయితే వారి అసలు కోరిక శ్రేణి మార్పు. అది 1984లో మరొక సమ్మె జరిగితేగాని నెరవేరలేదు. నాటకం చూపని ఈ పదహారేండ్లే మాకు ముఖ్యంగా తోచినవి. మన దేశంలో 1976 నాటి చట్టం ఒకే పనికి, ఒకే తరహా పనికి స్త్రీపురుషులకు సమాన వేతనమన్నది. తాపీపని వేరు, మోతపని వేరు అన్నచోట అది చేయగలిగినది స్వల్పమే. ఇటువంటి నాటకం తలపెట్టే విద్యార్థులు కథను 1984 నుండి మొదలుపెట్టవచ్చును.