బస్సులో సీటు, ఊళ్లో దారి

అమరావతి రాజధాని ప్రాంతంలో నీరుకొండ అంటే ఇవాళ్టి పిల్లలకు గుర్తొచ్చేది అక్కడి విశ్వవిద్యాలయం. 1987 జూలైలో ఆ ఊరి పేరు పత్రికలకెక్కింది ఒక పెళ్లి ఊరేగింపు వల్ల. దళితుల పెళ్లివారు ఆధిపత్య కులం వాళ్ల వీధిలోంచి వెళ్లడం తగువైంది. ఆ తగువు ముదిరి దళితవాడ మీద దాడి జరిగింది, ప్రాణం పోయింది. గుంటూరు జిల్లా మంగళగిరి మండలంలో, బస్సులూ లారీలూ పగలూ రాత్రీ తిరిగే జాతీయ రహదారికి దగ్గరలోనే ఉన్న ఊళ్లో జరిగిందిది.

దారి సంగతి ఇలా ఉంటే, ప్రయాణంలో వివక్ష, దానిమీద తిరుగుబాటు అనగానే మనవాళ్లు రెండు కథలు చెబుతారు. ఒకటి 1893 జూన్ 7న దక్షిణాఫ్రికాలో, పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో గాంధీని మొదటి తరగతి పెట్టెలోంచి దింపేసిన కథ. రెండోది అమెరికాలోని మాంట్‌గోమరీది. 1955 డిసెంబర్ 1న కుట్టుపని చేసుకునే రోసా పార్క్స్ బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చెయ్యనంది, పోలీసులు పట్టుకెళ్లారు. అంతకు తొమ్మిది నెలల ముందే క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ల బడిపిల్ల అదే ఊళ్లో అదే పని చేసి అరెస్టయింది. ఆ పిల్ల పేరు మన పాఠాల్లో కనపడదు.

ఆ తర్వాత జరిగింది నిజంగా పెద్ద సంగతి. జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ అధ్యాపకురాలు, ఆమెతోటి మహిళలు రాత్రికి రాత్రే వేల కరపత్రాలు అచ్చేసి పంచారు. డిసెంబర్ 5 నుంచి నల్లజాతీయులు బస్సెక్కడం మానేశారు. కొందరు నడిచారు, కొందరు ఒకరి కారులో ఒకరు సర్దుకున్నారు. అలా 381 రోజులు. బస్సు కంపెనీకి టికెట్ డబ్బులిచ్చే వాళ్లలో ఎక్కువమంది వాళ్లే కాబట్టి దెబ్బ సూటిగా తగిలింది. చివరికి అమెరికా సుప్రీంకోర్టు, బస్సుల్లో రంగును బట్టి సీట్లు విడదీయడం రాజ్యాంగానికి విరుద్ధమంది. 1956 డిసెంబర్ 21న వాళ్లు మళ్లీ బస్సెక్కి, నచ్చిన సీట్లో కూర్చున్నారు.

అక్కడ వివక్ష చట్టంలోనే ఉంది. మన దగ్గర చట్టం ముందే వచ్చింది. గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లోనే, బావులూ దారులతో పాటు ప్రయాణ సాధనాలు వాడుకోకుండా అంటరానివాళ్లని అడ్డుకోకూడదని శాసనం చేశారు. ఎం.సి. రాజా ప్రతిపాదించిన బిల్లు అది. రోసా పార్క్స్ అరెస్టుకు ఆర్నెల్ల ముందు, 1955 జూన్ 1న, దేశమంతటికీ అంటరానితనం నేరాల చట్టం అమల్లోకి వచ్చింది. ప్రజలెక్కే ఏ బండిలోనైనా అంటరానితనం పేరుతో ఎవరినీ ఆపకూడదని అందులోనూ ఉంది. రైళ్లలోనూ కులానికో పెట్టె అని ఎవరూ పెట్టలేదు. ఇక పల్లెవెలుగు బస్సులో కండక్టర్ ఎక్కడ దిగాలని అడుగుతాడు గానీ కులం అడగడు. ఇది చిన్న విషయమేమీ కాదు.

కానీ బస్సు దిగాక ఏమిటి? ఈ పత్తి, మిరప పొలాల మధ్య ఊళ్లలో వేరు చేసే గీత ఊరి వీధిలో, చెరువు గట్టున, సినిమా హాల్లో ఉంది. కారంచేడులో దళితులు మంచినీళ్లు పట్టుకునే చెరువు దగ్గర మొదలైన గొడవ 1985 జూలై 17న ఆరుగురి ప్రాణాలు తీసింది. బతికి బయటపడ్డవాళ్లు చీరాలకు చేరి, మళ్లీ ఊళ్లోకి వెళ్లబోమని అక్కడే కాలనీ కట్టుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబర్ 1న తెనాలిలో దళిత మహాసభ అనే సంఘం పుట్టింది.

మాంట్‌గోమరీతో పోల్చి చూడాల్సింది మాత్రం చుండూరు. తెనాలి నుంచి చీరాల వెళ్లే రైలు మార్గం మీది ఊరది. రైలు అక్కడి దళితులకు చాలా ఇచ్చింది. కొందరికి రైల్వే ఉద్యోగాలొచ్చాయి, పిల్లలు రైల్లో తెనాలి వెళ్లి డిగ్రీలు చదివారు. అలా చదువుకున్న ఒక కుర్రాడి కాలు 1991 జూలైలో సినిమా హాల్లో ఆధిపత్య కులస్థుడికి తగిలింది. ఆ కుర్రాణ్ని కొట్టారు. అంతటితో ఆగలేదు. దళితులకు పనులివ్వొద్దు, భూములు కౌలుకివ్వొద్దు అని కట్టడి చేశారు. మాంట్‌గోమరీలో బహిష్కరణ అణిగినవాళ్ల చేతి ఆయుధం. చుండూరులో అది అణిచేవాళ్ల చేతికొచ్చింది. చుండూరు దళితులు దానికి లొంగలేదు, పనికోసం పొరుగూళ్లకు వెళ్లారు. ఆగస్టు 6న వాళ్లని పొలాల్లో వెంటాడి ఎనిమిది మందిని చంపి, శవాలను తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. చనిపోయినవాళ్లని దళితులు ఊరి నడిమధ్యే పూడ్చారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు.

విచారణ కోసం చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని బాధితులు పట్టుబట్టి సాధించారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి జీవిత ఖైదు, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది మంది చనిపోయిన కేసులో ఎవరూ దోషి కాకుండా పోవడాన్ని ఏ మాటలతో సర్దిచెప్పుకోవాలి?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు పార్లమెంటు చేర్చిన నేరాలు చదివితే, చుండూరూ నీరుకొండా కళ్లముందు నిలుస్తాయి. దళితులు సైకిలో మోటార్ సైకిలో ఎక్కకుండా ఆపడం, నలుగురూ తిరిగే చోట చెప్పులు వేసుకోనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపును అడ్డుకోవడం, పెళ్లికొడుకును గుర్రమో మరో వాహనమో ఎక్కనివ్వకపోవడం, ఇవన్నీ విడివిడిగా రాయాల్సొచ్చింది. సాంఘికంగా గానీ ఆర్థికంగా గానీ వెలివేయడం, వేస్తామని బెదిరించడం కూడా అదే సవరణతో నేరమయ్యాయి. మోటార్ సైకిల్ ఎక్కే హక్కు కోసం 21వ శతాబ్దంలో చట్టం చేసుకోవాల్సిన సమాజం, బస్సులో మనుషుల్ని వేరు చేసే బోర్డుల్లేవని గర్వపడితే సరిపోదు.

మీ ఊళ్లో ఊరేగింపు ఆపినా, బండి దించినా, పని మానిపించినా పెద్దమనుషుల రాజీతో సరిపెట్టకండి, ఫిర్యాదు రాసివ్వండి. దాన్ని నమోదు చెయ్యకుండా కావాలని నిర్లక్ష్యం చేసే అధికారికి ఆ చట్టంలోనే 4వ సెక్షన్ శిక్ష చెబుతోంది. దళితులు, ఆదివాసుల మీద జరిగే అత్యాచారాల గురించి చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన జాతీయ సహాయ కేంద్రం ఫోన్ నంబరు 14566.