మీరట్ దారి చూసిన బురుజు

ఢిల్లీలో నడిచి వెళ్లదగ్గ కొండదారి ఒకటి రాసివ్వమన్నారు సంపాదకులు. ఢిల్లీ విశ్వవిద్యాలయం నార్త్ క్యాంపస్‌లో చదివే మన పిల్లలు సాయంత్రాలు తిరిగే రిడ్జినే ఎంచుకున్నాను. ఆరావళి కొండలు యమున వైపు వచ్చి ఆగిపోయే చోటది. కాళ్ల కింద గట్టి క్వార్ట్‌జైట్ రాయి, రెండు పక్కలా సర్కారు తుమ్మ, చేతిలో తినేదేమైనా కనబడితే వదలని కోతులు. అజిత్‌గఢ్ స్మారకం నుంచి ఉత్తరంగా నడిస్తే దారి కొసన ఫ్లాగ్‌స్టాఫ్ టవర్, 1828లో కట్టిన గుండ్రటి బురుజు.

మధ్యధరా తీరంలో, సముద్రపు దొంగలను కనిపెట్టడానికి జెనోవావాళ్లు కార్సికా చుట్టూ కట్టిన బురుజుల్లో ఒకచోట మంట వెలిగితే పక్క బురుజు అందుకునేది. 1857 మే 11న ఢిల్లీ బురుజెక్కి చూసినవాళ్లకు మాత్రం అలాంటి జవాబేదీ రాలేదు. ముందురోజు మీరట్‌లో తిరగబడ్డ సిపాయిలు ఆ ఉదయం యమున మీది పడవల వంతెన దాటి వచ్చి, మొఘల్ పాదుషా బహదూర్ షా జఫర్‌ను ముందు నిలుపుకున్నారు. ఆంగ్ల కుటుంబాలు పిల్లాపాపలతో ఇక్కడికి చేరి, మీరట్ నుంచి తెల్లసైన్యం వస్తుందని సాయంత్రం దాకా చూసి, కర్నాల్ దారి పట్టాయి. జూన్ 8న రిడ్జి, సెప్టెంబరులో నగరం మళ్లీ ఆంగ్లేయుల చేతికి పోయాయి.

నన్ను కదలనివ్వనిది మాత్రం ఆ రోజు వెళ్లిన ఒక తంతి. కశ్మీరీ గేటు బయటి టెలిగ్రాఫ్ ఆఫీసుకు చార్లెస్ టాడ్ పెద్ద. అతని కింద బ్రెండిష్, పిల్కింగ్టన్ అనే ఇద్దరు కుర్రాళ్లు. మీరట్ తీగ పలకడం లేదని చూసిరావడానికి పొద్దున్నే నది వైపు వెళ్లిన టాడ్ తిరిగి రాలేదు. మీరట్ సిపాయిలు వచ్చారు, బంగళాలు తగలబెడుతున్నారు, ఆఫీసు వదలక తప్పదు అని కుర్రాళ్లు అంబాలాకు కొట్టారు. ఆ మాటల మధ్యనే టాడ్ సంగతి: పొద్దున వెళ్లినవాడు ఇంకా రాలేదు, చనిపోయినట్టున్నాడు. ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పాల్సిన కబురులో వాళ్ల బెంగ కూడా తీగ మీద ప్రయాణం చేసింది. తర్వాత ఇద్దరూ ఈ బురుజుకే పరుగెత్తారు.

తంతి అంబాలా నుంచి పంజాబ్‌కు పాకింది. మే 13న లాహోర్ పక్కన మియాన్ మీర్‌లో భారతీయ సిపాయిల చేత ఆయుధాలు దింపించేశారు. 1902లో కశ్మీరీ గేటు దగ్గర నిలిపిన స్మారక స్తంభం, టెలిగ్రాఫ్ ఇండియాను కాపాడిందంటుంది. ఆ కుర్రాళ్ల తెగువకు తలవంచుతాను, ఈ మాట మాత్రం ఒప్పుకోను. కాపాడింది తెల్లవాళ్ల పాలనను. మియాన్ మీర్‌లో తుపాకీ కింద పెట్టిన సిపాయిదీ ఈ దేశమే.

అజిత్‌గఢ్‌లో ఆ సవరణ జరిగింది. 1863 నాటి ఆ ఎర్రరాతి స్మారకం తిరుగుబాటుదారులను శత్రువులంది. 1972 ఆగస్టు 28న అక్కడ మరో పలక పెట్టి, ఆ శత్రువులు వలసపాలనపై పోరాడిన అమరవీరులని చెప్పారు. పాతరాతను చెరపకుండా ఎదురుమాట చెక్కడం ఎంతో నచ్చింది. టెలిగ్రాఫ్ స్తంభం చూడవచ్చినవాళ్లకు కూడా మియాన్ మీర్ సంగతి చదివే వీలుండాలి.

దారిలో ఇంకా

అశోక స్తంభం: ఇదీ మీరట్ నుంచి వచ్చిందే. ఫిరోజ్ షా తుగ్లక్ తెప్పించాడు. ఫరూఖ్‌సియర్ కాలంలో మందుగుండు పేలి అయిదు ముక్కలైంది. 1867లో అతికించి నిలబెట్టారు.

పీర్ గాయబ్: ఫిరోజ్ షా కాలపు కట్టడం. హిందూరావు ఆసుపత్రి ఆవరణలో ఉంది.

ఎలా వెళ్లాలి: అజిత్‌గఢ్‌కు పుల్ బంగష్, బురుజుకు విశ్వవిద్యాలయ మెట్రో స్టేషన్లు దగ్గర. ఉదయం పూట, తోడుతో వెళ్లండి. తినుబండారాలు సంచిలోనే ఉంచండి.