కోతి చూపిన దారి

గని లోపలినుంచి తెచ్చిన రాతి ముక్కను పరీక్షించి, అందులో బంగారమెంతో లెక్కగట్టే పని మన గోల్డ్‌ఫీల్డ్స్ కుటుంబాలకు కొత్తది గాదు. ఒక ముక్క మెరిసినంత మాత్రాన రీఫ్ అంతా అలాగే ఉండునని నమ్మరాదని మన పెద్దలు ఎరుగుదురు. ఎయిడ్స్ టీకా కథ కూడా అటువంటిదే.

మశూచి టీకా ఆవు పెట్టిన భిక్ష. 1796లో జెన్నరు దొరగారు పాలు పితికే ఆమె చేతికి ఆవునుండి సోకి లేచిన పొక్కుల రసంతోనే ఆ పని సాధించినారు. హెచ్.ఐ.వి. విషయం అంత సులువు గాలేదు. ఆ వైరసు రీసస్ కోతులకు జబ్బు చేయదు. అయితే ఆఫ్రికా కోతులలో దానికొక దాయాది ఉన్నది, పేరు ఎస్.ఐ.వి. అది రీసస్ కోతికి సోకితే ఎయిడ్స్ వంటి జబ్బే వచ్చును. శాస్త్రజ్ఞులు ఈ దాయాదికి హెచ్.ఐ.వి. పైతొడుగు తొడిగి, ఒక మిశ్రమ వైరసును తయారు చేసినారు.

2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతబడినవి. ఆ ఏప్రిల్‌లోనే 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం వెలువడినది. రచయితలలో మొదటి పేరు అమర రామారావు గారిది. మన పక్కనున్న బెంగుళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయానికి వెళ్లినవారు. కోతులకు రెండుసార్లు డి.ఎన్.ఎ. టీకా వేసినారు. 24వ వారంలో, కోడిపిండపు కణాలలో పెంచి పెంచి బలం తగ్గించిన పాక్స్ వైరసు టీకా వేసినారు. ఏడు నెలలు గడచిన తరువాత మిశ్రమ వైరసు ఎక్కించినారు. వైరసు సోకినది గాని, టీకా దానిని అణచివేసినది.

ఎంతో ఆశ పుట్టినది. కాని అదే మిశ్రమ వైరసును కోతులలో అదుపు చేసిన మరొక టీకాను మనుషులకు వేసి చూడగా, 2007లో అది విఫలమైనది. ఆ మిశ్రమ వైరసు తేలికగా లొంగే రకమని అప్పుడు బోధపడినది. ఆ పిమ్మట మరింత మొండి ఎస్.ఐ.వి. రకాలతో పరీక్షలకు ప్రాధాన్యం పెరిగినది. 2009లో థాయిలాండులో 16,000 మందికి పైగా పాల్గొన్న పరీక్షలో, కెనరీ పిట్టల పాక్స్ వైరసుతో చేసిన టీకాకు మరొకటి జోడించగా, సుమారు 31 శాతం రక్షణ కనిపించినది. అదే బాటలో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రయత్నాన్ని ఫలితం లేక 2020లో ఆపివేసినారు.

నేటికీ హెచ్.ఐ.వి.కి టీకా లేదు. మందులు మాత్రం ఉన్నవి. 2004 నుండి సర్కారు ఉచితంగా ఇస్తున్నది. తప్పక వాడుకొనేవారు అందరివలె సంసారం చేసుకొని బ్రతుకుచున్నారు. కోతి దారి చూపును గాని, చివరి తీర్పు మనిషి శరీరానిదే. ఆ తీర్పు వచ్చేదాకా పరీక్షకు సిగ్గుపడకుండుట, జబ్బుపడ్డవారిని ఇంటినుండి వేరు చేయకుండుట మన చేతిలోని పనులు.