చెమట తాగని చొక్కా

తాల్‌బగీచా అంటే బెంగాలీలో తాటితోట. ఖరగ్‌పూర్ రైల్వే పట్నంలోని ఈ పేటలో సాయంత్రం ఎండ తగ్గితే చాలు, కాస్త ఖాళీ స్థలం ఉన్న ప్రతిచోటా బంతి దొర్లుతుంది. బెంగాలీ, తెలుగు, హిందీ మూడూ ఒకే అరుపులో కలిసిపోతాయి. పోయిన వేసవిలో అక్కడ ఒక కుర్రాడి ఒంటి మీది చొక్కా చూసి ఆగిపోయాను. చిలకపచ్చ రంగు, తెల్లటి చేతుల మీద డేగ ఈకల్లా పేర్చిన నల్లటి వంకర గీతలు. 2018 ప్రపంచ కప్పుకి నైజీరియా జట్టు వేసుకున్న చొక్కాకి నకలు అది.

"ఎక్కడ కొన్నావురా?"

"గోల్‌బజార్‌లో అంకుల్."

"ఇది ఏ దేశానిదో తెలుసా?"

తెలీదన్నట్టు తలూపాడు. "గీతలు బాగున్నాయని కొన్నాను."

గీతలు నచ్చి కొన్నది వాడొక్కడే కాదు. ఆ చొక్కా దుకాణాలకు రాకముందే 30 లక్షల ఆర్డర్లు వచ్చాయని నైజీరియా ఫుట్‌బాల్ సంఘం ప్రకటించింది. 2018 జూన్ 1న లండన్‌లో దాని కోసం జనం వీధి పొడవునా వరుస కట్టారు. ఇప్పుడు అసలు చొక్కాలు పాత సరుకు సేకరించేవాళ్ల చేతుల్లో తిరుగుతున్నాయి. తాల్‌బగీచా దాకా దాని నకలు వచ్చిందంటే దాని వెనక చాలా పెద్ద కథ ఉంది. అందులో ఆట సగం, రసాయన శాస్త్రం సగం.

ముందు ఒక మాట. ఆటగాడి చొక్కాని మనం అలంకారం అనుకుంటాం. నిజానికి అదొక యంత్రం. పరిగెత్తే మనిషి ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవాలి. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి తనతో పట్టుకుపోతుంది. చెమట కారిపోతే లాభం లేదు, గుడ్డలో నిలిచిపోయినా పెద్దగా లాభం లేదు, ఆవిరి కావాలి. ఆ ఆవిరికి చొక్కా దారి ఇస్తుందా, అడ్డుపడుతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఆటగాడి చొక్కాకి జెర్సీ అన్న పేరు ఉన్ని అల్లికకు పేరుపడ్డ ఒక చిన్న దీవి నుంచి వచ్చింది, అది ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రంలో ఉంది. జెర్సీ పడుగు పేకలతో నేసిన గుడ్డ కాదు. ఒకే దారాన్ని ఉచ్చులో ఉచ్చు వేసి అల్లిన గుడ్డ, అందుకే సాగుతుంది. ఇంగ్లండులో విలియం లీ 1589లోనే అలా అల్లే యంత్రం చేశాడు. కానీ దారం మాత్రం చాలాకాలం ఉన్నిదో నూలుదో. నూలు నీళ్లంటే పడిచస్తుంది. మామూలు గాలిలో ఉన్న తేమ నుంచే వంద గ్రాముల నూలు ఎనిమిది గ్రాముల దాకా నీళ్లు పీల్చుకుంటుంది. నిజంగా తడిస్తే తన బరువును మించి మోస్తుంది.

ఆ బరువు ఎంత పని చేస్తుందో 1986 ప్రపంచ కప్పులో అర్జెంటీనాకి తెలిసింది. ఇంగ్లండుతో ఆడాల్సిన ఆటకి నీలం చొక్కాలు వేసుకోవాలి. ఉన్నవేమో బరువైన నూలువి. మెక్సికోలో మిట్టమధ్యాహ్నపు ఎండ. ఇవి వద్దని కోచ్ బిలార్దో పట్టుబడితే, జట్టు మనుషులు మెక్సికో సిటీ దుకాణాల్లో తేలికపాటి నీలం చొక్కాలు వెతికి కొన్నారు. సంఘం గుర్తులు అప్పటికప్పుడు కుట్టారు. వెండిలా మెరిసే అంకెలు ఇస్త్రీతో అతికించారు. మారడోనా చేత్తో ఒక గోలు, ఆరుగురిని దాటుకుంటూ వెళ్లి ఇంకో గోలు వేసింది ఆ చొక్కాతోనే. 2022లో అది లండన్ వేలంలో 71 లక్షల పౌండ్లు పలికింది.

నూలుకి పోటీ వచ్చిన దారం మన పెద్దలకు టెరిలిన్‌గా పరిచయం. 1930లలో అమెరికాలో కారథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం పాలియెస్టర్ దారాలు తీసింది. అవి తక్కువ వేడికే కరిగిపోయేవి, ఇస్త్రీకి ఆగవు. వాటిని పక్కన పెట్టి ఆయన 1935లో నైలాన్ చేశాడు. ఆయన వదిలేసిన చోటు నుంచి 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ మొదలుపెట్టారు. గొలుసులాంటి అణువులో అక్కడక్కడా బెంజీన్ వలయం పడేలా టెరిఫ్తాలిక్ ఆమ్లం వాడారు. ఆ వలయం వంగదు. మెత్తటి గొలుసుకి వెన్నెముక దొరికినట్టయింది. కరగాలంటే ఇప్పుడు 250 డిగ్రీలు దాటాలి. నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్కూ ఇదే పదార్థం. 2010 ప్రపంచ కప్పుకి కొన్ని జట్ల చొక్కాలు వాడేసిన సీసాల నుంచే చేశారు.

దీన్ని దారంగా తీసే పద్ధతి మన వంటింట్లో ఉన్నదే. జంతికల గొట్టంలో పిండి నొక్కినట్టు, కరిగిన పాలియెస్టర్‌ని సన్నటి చిల్లుల్లోంచి నొక్కుతారు. గాలి తగిలి గట్టిపడ్డ పోగుని కొన్ని రెట్లు సాగదీస్తారు. చిక్కుపడి ఉన్న గొలుసులు అప్పుడు ఒకే దిక్కుకి తిరిగి బలం వస్తుంది. ఈ దారం నీళ్లు తాగదు. నూలు ఎనిమిది గ్రాములు పీల్చే చోట ఇది అర గ్రామైనా పీల్చదు. మరి చెమట ఎలా పోతుంది? పోగుల లోపలికి కాదు, పోగుల మధ్య సందుల్లోంచి పాకుతుంది, ప్రమిదలో ఒత్తి వెంట నూనె ఎక్కినట్టు. ఒంటి దగ్గర నుంచి పైకి చేరి, పల్చగా పరుచుకుని ఆరిపోతుంది. అయితే గాలిలోనే తేమ నిండి ఉంటే ఏ చొక్కా ఏమీ చేయలేదు. బెంగాల్ ఉక్కపోతలో ఆడినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ దారానికి ఇంకో లోపం ఉంది. నీళ్లని దూరం పెట్టే దారం ఒంటి జిడ్డుని మాత్రం పట్టుకుంటుంది. నూలు చొక్కా కంటే ఎక్కువ వాసన వేయడం అందుకే.

నీళ్లంటని దారానికి నీళ్లలో కరిగే రంగూ అంటదు. దానికి దొరికిన పరిష్కారం నాకు ఈ కథ మొత్తంలో చాలా ఇష్టమైన ముక్క. డబ్బాలో పెట్టిన కర్పూరం బిళ్ల కరగకుండానే రోజురోజుకీ తరిగిపోతుంది చూడండి, అలా ఘనం నుంచి నేరుగా ఆవిరయ్యే రంగులున్నాయి. వాటితో కాగితం మీద బొమ్మ అచ్చువేసి, గుడ్డ మీద బోర్లించి, దాదాపు 200 డిగ్రీల వేడితో అర నిమిషం నొక్కుతారు. ఆ వేడికి పాలియెస్టర్ గొలుసులు కాస్త సడలుతాయి, ఆవిరైన రంగు వాటి మధ్యకి దూరుతుంది. చల్లారితే లోపలే బందీ. రంగు గుడ్డ మీద లేదు, పోగులోనే ఉంది. అందుకే ఉతికితే పోదు. అప్పటిదాకా చారలకీ గళ్లకీ కట్టుబడిన చొక్కా మీద ఏ బొమ్మైనా వేయొచ్చని తేలింది. 1990ల చొక్కాలు అంత రంగులమయంగా ఉండటానికి ఇదో కారణం.

నైజీరియా ఆ కాలంలోనే లోకానికి కనిపించింది. అంతకు చాలా ముందు, 1949లో ఆ దేశపు జట్టు మొదటిసారి ఇంగ్లండులో పర్యటించినప్పుడు చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. సరిగ్గా అంతకు ముందు ఏడాదే లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లూ చాలామంది ఉత్త కాళ్లతోనే ఫ్రాన్సుని ఎదుర్కొని 1-2తో ఓడారు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే పాలకుడి కింద ఉన్నవాళ్లు. నైజీరియా మొదట ఎరుపు వేసుకునేది, స్వాతంత్ర్యం వచ్చాక జెండాలోని ఆకుపచ్చ తీసుకుంది. 1994 జూన్ 21న డాలస్‌లో బల్గేరియా మీద రషీదీ యెకీనీ ప్రపంచ కప్పులో ఆ దేశపు తొలి గోలు వేశాడు. వల లోపలికి చేతులు దూర్చి, దాన్ని పట్టుకుని ఏడ్చాడు. ఆ ఒక్క ఫోటోతో 1994 చొక్కా సేకరించేవాళ్లకి నిధి అయిపోయింది. 2018 నాటి చొక్కా గీతలు దాన్ని తలచుకుంటూ గీసినవే.

ఆ 1994 జట్టులో ఎమెకా ఎజూగో అనే ఆటగాడున్నాడు. 1980లలో అతను కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కీ మహమ్మడన్ స్పోర్టింగ్‌కీ ఆడాడు. చదువు కోసం మన దేశం వచ్చి కలకత్తా మైదానాన్ని ఏలిన చీమా ఓకోరీ కూడా నైజీరియా మనిషే. ఖరగ్‌పూర్ నుంచి హౌరా వంద కిలోమీటర్ల పైచిలుకు, లోకల్ బండిలో పొద్దున వెళ్లి ఆట చూసి రాత్రికి తిరిగి రావచ్చు. గోల్‌బజార్ చొక్కా చూసి నేను ఆగిపోవడానికి కారణం ఇదే. ఆ చొక్కా మనకు మరీ పరాయిదేం కాదు.

ఇలాంటి చొక్కాలు వ్యాపారం కూడా అయ్యాయి. మాంచెస్టర్‌లో ఇద్దరు కుర్రాళ్లు 2006లో పాత ఫుట్‌బాల్ చొక్కాల వ్యాపారం మొదలుపెట్టి పెద్ద సంస్థని చేశారు. ఈ సరుకు తెలిసినవాళ్లు ముందు చూసేది గుడ్డని కాదు, అంకెల్నీ లోపలి పట్టీనీ. పాలియెస్టర్ దశాబ్దాలు నిలుస్తుంది. ముందుగా చచ్చేది దాని మీద అతికించిన ప్లాస్టిక్. కొన్ని అచ్చుల్లో మెత్తదనం కోసం కలిపిన నూనెలు మెల్లగా బయటికి పోయి బీటలు వారతాయి. పాలియురెథేన్ అయితే గాలిలోని తేమకే విడిపోయి జిగటగా తయారవుతుంది. వేడీ తేమా కలిసిన మన ఊళ్లు దానికి బద్ధశత్రువులు.

మా నాన్న రైల్వే వర్క్‌షాప్ టోర్నమెంట్లలో ఆడేవారు. ఆయన చొక్కా నూలుది, కాలరున్నది. వీపు మీద 6 అంకెను తెల్లగుడ్డ కత్తిరించి మా అమ్మ కుట్టింది. కుట్టింది కాబట్టి ఆ అంకె చివరిదాకా ఊడలేదు. రిటైరయ్యాక ఆ చొక్కా సైకిల్ చైను తుడిచే గుడ్డయింది. దాని విలువ మాలో ఎవరికీ తట్టలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇలాంటి చొక్కాలు ఇంకా కొన్ని ఇళ్లలో మిగిలే ఉంటాయి. 1964 ఆసియా కప్పులో దక్షిణ కొరియా మీద మన దేశం 2-0తో గెలిచినప్పుడు మొదటి గోలు అప్పలరాజుది. సింహాద్రి అప్పన్నని తలపించే ఆ పేరు విన్న ఉత్తరాంధ్ర మనిషి ఎవరైనా తలెత్తి చూస్తాడు. ఆయన ఆడింది బీఎన్‌ఆర్‌కి, అంటే మన రైల్వే జట్టుకే. ఆ జట్టుకీ రైల్వే ఇన్‌స్టిట్యూట్ జట్లకీ, రైల్వే క్రీడా సంఘం సెర్సా మైదానంలోనూ ఆడినవాళ్ల ఇళ్లు ఖరగ్‌పూర్‌లోనూ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ ఉన్నాయి. మీ ఇంటి ట్రంకుపెట్టెలో అలాంటి చొక్కా ఉంటే పారేయకండి. చన్నీళ్లలో తిరగేసి ఉతకండి, నీడన ఆరేయండి, అంకె మీద ఇస్త్రీ పెట్టకండి, మడత అంకె మీద పడకుండా శుభ్రమైన పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. ఎవరు వేసుకున్నారో, ఏ ఏడు, ఏ ఆటలోనో ఒక కాగితం మీద రాసి దానితో ఉంచండి.