జీతంలోంచి చైల్డ్ సపోర్ట్ కట్ చేస్తే కంపెనీపై కేసు పెట్టొచ్చా? అమెరికా చట్టం ఏం చెబుతోందంటే..

అమెరికాలో ఉద్యోగం. జీతం అకౌంట్లో పడింది. చూస్తే సగమే ఉంది. పేరోల్ వాళ్లని అడిగితే, ‘చైల్డ్ సపోర్ట్ ఆర్డర్ వచ్చింది, కట్ చేశాం’ అంటారు. నా పర్మిషన్ లేకుండా ఎలా కట్ చేస్తారని కంపెనీపై కేసు వేస్తే? దాదాపుగా నిలబడదు.

విడిపోయిన తల్లిదండ్రుల్లో ఒకరు పిల్లల పోషణకు ఇవ్వాల్సిన డబ్బే చైల్డ్ సపోర్ట్. అక్కడ చాలా కేసుల్లో ఇది నేరుగా జీతంలోంచే వెళ్లిపోతుంది. ఆర్డర్ పైకి సక్రమంగా కనిపిస్తే చాలు, దాని ప్రకారం కట్ చేసిన యజమానిపై సివిల్ దావా కుదరదని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఆర్డర్ వేరే రాష్ట్రం నుంచి వచ్చినా అంతే. లెక్క తప్పు అనిపిస్తే ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనో, ఏజెన్సీ దగ్గరో తేల్చుకోవాలి. హెచ్‌ఆర్‌తో గొడవపడితే టైమ్ వేస్ట్!

అలాగని కంపెనీ ఇష్టారాజ్యమేం కాదు. కట్ చేసిన డబ్బు 7 పనిదినాల్లో పంపాలి. కట్ చేయడమే మానేస్తే ఆ మొత్తం కంపెనీ మెడకే చుట్టుకుంటుంది. ఆర్డర్ వచ్చిందని ఉద్యోగిని తీసేసినా జరిమానా తప్పదు.

ఎంత వరకు కట్ చేయొచ్చు? పోషించాల్సిన మరో కుటుంబం ఉంటే 50 శాతం, లేకపోతే 60 శాతం. 12 వారాలకు మించిన బకాయి ఉంటే ఇంకో 5 శాతం. చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ శాతం లెక్కేసేది ట్యాక్స్‌ల లాంటి తప్పనిసరి కోతలు పోయాక మిగిలిన జీతంపై. సొంతంగా కట్టుకునే 401(కె) పొదుపును అందులోంచి తీసేయరు. ఉదాహరణకు జీతం 8,000 డాలర్లు, ట్యాక్స్‌లు 2,000 అయితే లెక్క 6,000 పైనే. అందులో 60 శాతం అంటే 3,600 డాలర్లు. పొదుపు కూడా పోతే చేతికొచ్చేది ఇంకా తక్కువ.

ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ ఈ సెగ తగులుతుంది. యాక్సిడెంట్ పరిహారం కోసం క్లెయిమ్ వేసిన వాళ్ల పేర్లను బకాయిదారుల లిస్ట్‌తో పోల్చి చూసే ఏర్పాటు ఉంది. ఇందుకోసం వివరాలు ఇచ్చిన బీమా కంపెనీపై, ఏజెంట్‌పై కేసు చెల్లదు. ఈ ఏర్పాటు ప్రకారం మంచి ఉద్దేశంతో చేసిన పనికీ రక్షణ ఉంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో అయితే, సెటిల్‌మెంట్ డబ్బు చేతికిచ్చే ముందే చైల్డ్ సపోర్ట్ బకాయి ఉందా లేదా అని వెతకాలనే రూల్ ఉంది.

మరి మన దగ్గర? సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం, మెయింటెనెన్స్ డిక్రీ ఉంటే జీతంలో మూడో వంతు వదిలేసి మిగతాది జప్తు చేయొచ్చు. కోర్టు ఆర్డర్ అందాక కూడా పూర్తి జీతం ఇచ్చేస్తే ఆ డబ్బుకు యజమానే బాధ్యుడు. మెయింటెనెన్స్ ఉత్తర్వులను సివిల్ డిక్రీలా అమలు చేయొచ్చని 2020లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.