పుంటికూర రంగు, రుథేనియం రంగు: పట్టు ఎవరిది?

మన అలియాబాద్ వైపు పుంటికూర అంటే పప్పో పచ్చడో గుర్తొస్తుంది. కానీ ఎర్ర పుంటికూర కాయను చుట్టుకుని ఉండే రేకలతో కరెంటు కూడా తీయొచ్చు. అందుకే సైన్స్ ఎగ్జిబిషన్‌లో "సహజ రంగులతో సోలార్ సెల్" అనే ప్రాజెక్టు తరచూ కనిపిస్తుంది. మల్టీమీటర్ 0.4 వోల్టులు చూపిస్తే చప్పట్లు కొడతాం. ఖరీదైన కృత్రిమ రంగు వాడినా 0.75 వోల్టుల దగ్గరే కదా, సగం వచ్చేసినట్టే అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

ముందు ఈ సెల్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. కరెంటు ప్రవహించే పూత ఉన్న గాజు మీద టైటానియం డయాక్సైడ్ పలుచటి పొర వేస్తారు. గోడల పెయింటులో వాడే తెల్ల పొడి ఇదే. అది అతినీలలోహిత కాంతిని తప్ప పీల్చుకోదు. కంటికి కనిపించే వెలుగును పట్టే పని రంగుది. వెలుగు తగలగానే రంగు అణువు ఒక ఎలక్ట్రాన్‌ను టైటానియం పొరలోకి నెడుతుంది. పోయిన ఎలక్ట్రాన్‌ను అయోడైడ్ ద్రావణం తిరిగి ఇస్తుంది. 1991లో ఓరీగన్, గ్రాట్‌జెల్ ఈ పద్ధతిలో, రుథేనియం లోహం ఉన్న రంగుతో 7 శాతం దాటించారు.

అంటే రంగుకు వెలుగును పట్టడం ఒక్కటే చాలదు, పొరను గట్టిగా పట్టుకోవాలి కూడా. ఇది మన కలంకారీ వాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. బట్టకు పటిక పెట్టిన చోటే ఎరుపు నిలుస్తుంది, ఎందుకంటే రంగు పటికలోని అల్యూమినియాన్ని పట్టుకుంటుంది. సెల్‌లో అల్యూమినియం బదులు టైటానియం ఉంటుంది, అంతే తేడా.

2007లో థాయిలాండ్ పరిశోధకులు పుంటికూర జాతి మొక్క ఎర్ర రేకలనూ, శంఖుపుష్పాన్నీ పోల్చి చూశారు. రెండింటిలోనూ ఉన్నది ఆంథోసయనిన్ రంగులే. అయినా మొదటిది 0.37 శాతం ఇస్తే రెండోది 0.05 దగ్గరే ఆగింది. పుంటికూర రంగు అణువులో పక్కపక్కన ఖాళీగా ఉన్న ఓహెచ్ గ్రూపులు టైటానియాన్ని పట్టుకోగలవు. శంఖుపుష్పం రంగులో ఆ చోట చక్కెర అణువులు అడ్డుగా కూర్చుని ఉంటాయి. ఎన్719 లాంటి కృత్రిమ రంగుల్లో పట్టు కోసమే కార్బాక్సిల్ గ్రూపులు అమర్చి ఉంటాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. మంచి ఎండలో చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు పడతాయి. సహజ రంగుకు 2 మిల్లీ ఆంపియర్లు, 0.4 వోల్టులు, ఫిల్ ఫ్యాక్టర్ 0.5 అనుకుంటే వచ్చేది 0.4 మిల్లీవాట్లు, అంటే 0.4 శాతం. రుథేనియం రంగుకు 17 మిల్లీ ఆంపియర్లు, 0.75 వోల్టులు, 0.7 అనుకుంటే దాదాపు 9 శాతం. వోల్టేజీలో తేడా రెట్టింపే, కరెంటుతో కలిపి చూస్తే పవర్‌లో తేడా ఇరవై రెట్లకు పైనే!

ఇక మన్నిక. సెల్ 20 ఏళ్లు నిలవాలంటే ఒక్కో రంగు అణువు సుమారు 10 కోట్ల సార్లు ఎలక్ట్రాన్ ఇచ్చి పుచ్చుకోవాలి. పండు రసం ఎండకు వెలిసిపోవడం మనం చూసిందే.

మరి కృత్రిమ రంగే గెలిచినట్టా? అదీ పూర్తిగా నిజం కాదు. రుథేనియం అరుదైనది, ధర ఎక్కువ. అయితే కృత్రిమం అంటే రుథేనియం ఒక్కటే కాదు. మన రాజీవ్ రహదారి మీద సిటీలోకి వెళ్తే, తార్నాకలోని ఐఐసీటీలో రుథేనియం లేని పోర్ఫిరిన్, థాలోసయనిన్ రంగుల మీద పరిశోధనలు జరిగాయి. 2011లో గ్రాట్‌జెల్ బృందం జింక్ పోర్ఫిరిన్ రంగుతో, కోబాల్ట్ ద్రావణం వాడి 12 శాతం దాటింది. పోర్ఫిరిన్ ఎవరో కాదు, ఆకుల్లోని పత్రహరితానికి దగ్గరి చుట్టమే. పత్రహరితానికి లేని పట్టును మనుషులు దానికి అతికించారు. అంటే పోటీ ప్రకృతికీ ల్యాబ్‌కీ మధ్య కాదు, ఆకు నుంచి నేర్చుకుని ల్యాబ్‌లో దిద్దుకోవడమే దారి.

కాబట్టి ప్రాజెక్టుకు పుంటికూరే వాడండి, చవకగా సూత్రం అర్థమవుతుంది. కానీ చార్టు మీద వోల్టులు మాత్రమే రాసి ఊరుకోకండి. లోడ్ పెట్టి కరెంటు కొలవండి. రంగు వేయని సెల్ ఒకటి పక్కన పెట్టి పోల్చండి. వారం తర్వాత మళ్లీ కొలవండి. అంకె చిన్నదైనా పర్లేదు, నిజమైనదై ఉండాలి.