చెకుముకి తుపాకి, జామగి తుపాకి



చెకుముకిరాతితో నిప్పు రాల్చుట మన తాతలకు తెలిసిన విద్యయే. చెకుముకి తుపాకికి నదియే ప్రాణము. మీట నొక్కగనే గుర్రమని పేరుగల కొక్కెము ముందునకు దూకును. దాని నోటనున్న రాయి ఉక్కుపలకను గీచును. రవ్వలు గిన్నెలోని రంజకముపై బడి, చిన్న రంధ్రముగుండ లోపలి మందు నంటించును.

18వ శతాబ్దమున అమెరికాలోని పెన్సిల్వేనియాలో, లాంకాస్టరు పరిసరములందు, జర్మనీ, స్విట్జర్లాండు దేశములనుండి వలసవచ్చిన పనివారు ఇట్టి తుపాకిని మిక్కిలి పొడవుగా జేసిరి. ఎనిమిది పలకల గొట్టమే ఇంచుమించు మూడున్నర అడుగులు. దానిలోపల మరచుట్టువంటి గాడులు తీయుటచే గుండు బొంగరమువలె దిరుగుచు సూటిగా బోవును. గొట్టమును మొదలునుండి కొనవరకు మేపిలు కొయ్య మోయును. అడ్డముగా అలలవలె చారలున్న కొయ్యనే యేరుదురు. ఇనుము కరగించిన నత్రికామ్లము పూసి వేడిచూపగా నా చారలు పులిచారలవలె దేలును. కుందా ప్రక్కను ఇత్తడి మూతగల చిన్న గూడుండును. గుండునకు జుట్టు జిడ్డుగుడ్డలు దాచుకొనుట కది. మూతపై తీగెల నగిషీ, కుందాపై వెండి నక్షత్రము. వేటకు గొనిపోవు పనిముట్టున కింత సొగసేల యందురా? బండికాడికి పువ్వులు చెక్కించిన రైతు నడుగుడు, చెప్పును.

మన దేశమునకు జెకుముకి వచ్చినను జామగి తుపాకి చాలకాలము పోలేదు. జామగి యనగా నిప్పంటించిన నూలుత్రాడు. దానికి రాయి యక్కరలేదు. చెడినచో పల్లెటూరి కమ్మరియే బాగుచేయగలడు. ఇచ్చట సొగసును ముఖ్యముగా ఇనుముపై బెట్టిరి. ఆ పనిని కోఫ్తగారీ యందురు. సన్నని యులితో ఇనుమును అడ్డదిడ్డముగా గీచి గరుకుచేసి, దానిపై బంగారుతీగ పరచి, సుత్తితో గొట్టి, నున్నని రాతితో మెరుగు పెట్టుదురు. టంకము లేదు, జిగురు లేదు. ఆ గీతల పండ్లే బంగారమును పట్టుకొనును. రెంటిలో నిదియే కష్టమైన పని యని నాకు దోచును. ఇట్టి పాత సామాను మీ యింట నున్నచో ఇటుకపొడితో దోమింపకుడు. త్రుప్పుతోపాటు బంగారమును బోవును.

ఇనుపపని యనగా నరసాపురము మాట చెప్పకుండుట యెట్లు? 1669–1679 నడుమ ఈ తీరముల దిరిగిన థామస్ బౌరీ యను ఇంగ్లీషు నావికుడు, కోరమండల తీరమున ఉత్తమమైన ఇనుము ఇచ్చట దొరకుననియు, ఓడలకు వలయు మేకులు, సీలలు, లంగరులు చతురముగా జేయుదురనియు వ్రాసెను. ఇంగ్లీషువారు తమ యోడలను ఇచ్చట గట్టించుకొనిరి.

లాంకాస్టరు పనివారు పలువురు గొట్టముపై దమ పేరు చెక్కుకొనిరి. నేడా తుపాకులకు వెల కట్టువారు మొదట వెదకునది ఆ పేరునే. లంగరులు కొట్టిన మనవారిని బౌరీ దేశవాసులని మాత్రమే పేర్కొనెను.